బడి వెనక పొగ

సాయంత్రం నాలుగు గంటలైంది. బడి గంట మోగింది. పిల్లలు సంచులు భుజాన వేసుకుని బయటికి పరుగెత్తారు. ఆయమ్మ చీపురు పట్టుకుంది.

తరగతి గదులు ఊడ్చింది. వరండా ఊడ్చింది. చెట్టు కింద రాలిన ఆకులు ఊడ్చింది. ఏమేం వచ్చాయి? చిత్తు కాగితాలు, చిప్స్ పొట్లాలు, అయిపోయిన పెన్నులు, చాక్లెట్ కాగితాలు వచ్చాయి. వంట దగ్గర కూరగాయల తొక్కలు, కోడిగుడ్డు పెంకులు ఉన్నాయి. మధ్యాహ్నం పిల్లలు వదిలేసిన అన్నం కూడా ఉంది. ఆమె అన్నిటినీ ఒకే తట్టలోకి ఎత్తింది. వంట గది వెనక కుప్ప పోసి అగ్గిపుల్ల గీసింది.

నల్లటి పొగ లేచింది. గాలి బడి వైపే వీస్తోంది. ఒకటో తరగతి పాప వరండాలో నిలబడి అమ్మ కోసం చూస్తోంది. పొగ తగిలి దగ్గు మొదలైంది. అమ్మ వచ్చేసరికి పాప కళ్లు ఎర్రబడ్డాయి.

“ఏంటి ఆయమ్మా, ఈ పొగ?” అంది తల్లి.

“ఏం చేయమంటావమ్మా? బడి శుభ్రంగా ఉండాలంటారు. ఊడ్చింది ఎక్కడ పోయాలో మాత్రం ఎవరూ చెప్పరు” అంది ఆయమ్మ.

ఇది ఊహించి చెప్పిన బడి. కానీ ఇలాంటి పొగ చాలా ఊళ్లలో లేస్తుంది. ఆయమ్మ మాటలో నిజం ఉంది. ఊడ్చే మనిషి ఒక్కతే. చెత్త చేసేవాళ్లు వందమంది. ఆ వందమంది చెత్తను ఎక్కడ పోయాలో ఒక్క మనిషి ఎలా తేలుస్తుంది?

మరి ఎవరు తేల్చాలి? ఎలా తేల్చాలి?

పెంటకుప్ప నేర్పిన పాఠం

చెత్త మనకు కొత్త కాదు. మన అమ్మమ్మలు రోజూ ఊడ్చారు. ఊడ్చింది పెంటకుప్ప మీద వేశారు. పేడ, బూడిద, ఆకులు, తొక్కలు అన్నీ అక్కడికే చేరేవి. ఏడాది తిరిగేసరికి ఆ కుప్ప ఎరువు అయ్యేది. ఎండాకాలంలో బండి కట్టి పొలానికి తోలేవారు. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, మిగిలిన అన్నం కుడితి తొట్టిలో పడేవి. అవి గేదె తాగేది.

అంటే ఆ రోజుల్లో పారేసిన ప్రతిదానికీ ఒక చోటు ఉండేది. మట్టిలోంచి వచ్చింది మళ్లీ మట్టిలోకే పోయేది.

ఇప్పుడు ఏం మారింది? చెత్తలోకి ప్లాస్టిక్ వచ్చింది. ప్లాస్టిక్ మట్టిలో కలవదు. చీకదు. పురుగు తినదు. పెంటకుప్పలో కవర్లు పడితే ఆ ఎరువు పొలానికి పనికిరాదు. అటు తొక్కల తడి అంటితే కాగితం కొనేవాడు కాగితం కొనడు.

చూశారా? తొక్క ఒక్కటే ఉంటే ఎరువు. కాగితం ఒక్కటే ఉంటే డబ్బు. రెండూ కలిస్తే చెత్త. కలపడమే అసలు తప్పు.

పొగలో ఏముంది?

“కాల్చేస్తే పీడ పోతుంది” అని చాలామంది అనుకుంటారు. కాల్చినా పీడ పోదు. కుప్ప పోయి పొగ వస్తుంది. ఆ పొగ మన ఊపిరిలోకి పోతుంది.

ప్లాస్టిక్ కాలితే విషపు గాలులు వస్తాయి. సన్నటి మసి వస్తుంది. కొన్ని రకాల ప్లాస్టిక్ కాలినప్పుడు డయాక్సిన్ అనే విషం పుడుతుంది. అది కాన్సర్ తెచ్చే విషాల్లో ఒకటి. అది బూడిదలో ఉంటుంది. గాలిలో ఎగిరి గడ్డి మీద, నీళ్ల మీద పడుతుంది. ఆ గడ్డి మేసిన పశువు పాలలోకి కూడా చేరుతుంది.

పిల్లల ఊపిరితిత్తులు ఇంకా పెరుగుతూ ఉంటాయి. వాళ్లు పెద్దవాళ్ల కంటే గబగబా ఊపిరి తీస్తారు. అందుకే పొగ వాళ్లకు ఎక్కువ చేటు చేస్తుంది. ఉబ్బసం ఉన్న పిల్లలకు ఆయాసం పెరుగుతుంది. రోజూ దగ్గర నిలబడి కాల్చే ఆయమ్మకూ ఆ పొగే. పక్కనే వంట చేసే అక్కలకూ ఆ పొగే.

కాల్చకుండా వదిలేస్తే?

వదిలేసినా ముప్పే. మిగిలిన అన్నం కవరులో వేసి మూతి ముడివేసి పారేస్తాం. అన్నం వాసనకు ఆవు వస్తుంది. ఆవు ముడి విప్పలేదు కదా! కవరుతో సహా మింగుతుంది. ఆ కవరు అరగదు. కడుపులో చేరి ఉండలు కడుతుంది. ఆవు మేత మానేస్తుంది. చిక్కిపోతుంది. కొన్నిసార్లు పొట్ట కోసి కవర్లు తీయాల్సి వస్తుంది. కొన్ని చచ్చిపోతాయి.

ఇంకో ముప్పు దోమ. పారేసిన గ్లాసులో, కొబ్బరి చిప్పలో, పాత టైరులో వాన నీరు నిలుస్తుంది. డెంగీ దోమ అలాంటి నీళ్లలోనే గుడ్లు పెడుతుంది. వారం పది రోజుల్లో గుడ్డు దోమ అవుతుంది. ఈ దోమ పగటిపూట కుడుతుంది. పగలు పిల్లలు ఎక్కడుంటారు? బడిలో. అందుకే వారానికి ఒకసారి బడి చుట్టూ చూడాలి. నీళ్లు నిలిచినవన్నీ బోర్లించాలి.

నాలుగు రకాలు, నాలుగు చోట్లు

బియ్యం చెరిగేటప్పుడు ఏం చేస్తాం? రాళ్లు ఒక పక్క, నూకలు ఒక పక్క, ఊక ఒక పక్క వేస్తాం. చెత్తను కూడా అలాగే చేయాలి. తేడా ఒక్కటే. కలిపాక ఏరడం కష్టం. ముందే కలపకుండా ఉండటం సులువు.

తడి చెత్త: కూరగాయల తొక్కలు, పండ్ల తొక్కలు, గుడ్డు పెంకులు, టీ పొడి, రాలిన ఆకులు. ఇవి కుళ్లి ఎరువు అవుతాయి. దీనికి ఆకుపచ్చ డబ్బా.

పొడి చెత్త: కాగితాలు, అట్టలు, సీసాలు, కవర్లు, రేకు డబ్బాలు, పెన్నులు. వీటిలో చాలావరకు అమ్ముడుపోతాయి. దీనికి నీలం డబ్బా.

ఒంటికి సంబంధించిన చెత్త: బహిష్టు ప్యాడ్లు, గాయాలకు కట్టిన గుడ్డలు. వీటిని కాగితంలో చుట్టి, మూత ఉన్న వేరే డబ్బాలో వేయాలి.

ప్రమాదమైన చెత్త: పగిలిన గాజు, పాడైన ట్యూబు లైట్లు, బ్యాటరీలు, తుప్పు పట్టిన మేకులు, గడువు దాటిన మందులు. ఇవి పిల్లల చేతికి అందని చోట పెట్టాలి. ట్యూబు లైటును పగలగొట్టకూడదు. అందులో పాదరసం ఉంటుంది.

కొత్త డబ్బాలు కొనాలని లేదు. పాత రంగు డబ్బాలైనా చాలు. పైన రంగు వేసి, పేరు రాసి, బొమ్మ గీస్తే చాలు. అక్షరాలు రాని చిన్న పిల్ల కూడా అరటి తొక్క బొమ్మ చూసి గుర్తుపడుతుంది.

అన్నం చెత్త కాదు

బడిలో వండిన అన్నం చెత్తలో పడితే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. 2001 నవంబరులో సుప్రీంకోర్టు సర్కారు బడుల్లో వండిన భోజనం పెట్టాలని ఆదేశించింది. మన దగ్గర 2003 నుంచి ఈ భోజనం అందుతోంది. చాలా చోట్ల మహిళా సంఘాల అక్కలే వండుతున్నారు.

పళ్లెంలో అన్నం ఎందుకు మిగులుతుంది? ఒకేసారి ఎక్కువ వడ్డిస్తే మిగులుతుంది. అన్నం ముద్దగా ఉన్నా, పప్పు నీళ్లగా ఉన్నా మిగులుతుంది. కాబట్టి మొదట కొంచెం పెట్టాలి. అడిగితే మళ్లీ పెట్టాలి. రోజూ చాలా మిగులుతుంటే వంట ఎలా ఉందో తల్లులు వచ్చి రుచి చూడాలి.

అయినా కొంత మిగులుతుంది. దాన్ని మూత ఉన్న బకెట్లో వేయాలి. ఊళ్లో గేదెలున్నవారు కుడితి కోసం ఆ రోజే పట్టుకెళ్లవచ్చు. నిలవ ఉంచకూడదు. పాచిపోయింది పశువుకు పెట్టకూడదు. పొలితిన్ ముక్క ఒక్కటి కూడా అందులో పడకూడదు.

ఎరువు గుంత ఎలా తవ్వాలి?

బడి ఆవరణలో నీడ ఉన్న చోటు చూడాలి. బావికి, బోరుకు దూరంగా ఉండాలి. వాన నీరు నిలవని మెరక కావాలి. మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు, మూడడుగుల లోతు గుంత చాలు. పక్కనే రెండోది కూడా తవ్వాలి. ఒకటి నిండాక రెండోది వాడాలి. చిన్నపిల్లలు పడకుండా చుట్టూ కంచె కట్టాలి. పైన తడికె కప్పాలి.

అడుగున ఎండుటాకులు జానెడు మందం వేయాలి. పైన తడి చెత్త వేయాలి. దాని మీద మళ్లీ ఎండుటాకులు వేయాలి. పేడ నీళ్లు చల్లాలి. పలచగా మట్టి కప్పాలి. ఇలా రోజూ వరస మీద వరస వేయాలి. తడి చెత్త ఒక వంతు అయితే, ఎండుటాకులు రెండు వంతులు ఉండాలి.

తేమ సరిపోయిందా అని ఎలా తెలుస్తుంది? పిడికెడు తీసి గట్టిగా పిసకాలి. ఒకటి రెండు చుక్కలు వస్తే సరిపోయినట్టు. నీళ్లు కారితే ఎండుటాకులు కలపాలి. పొడిగా రాలితే నీళ్లు చల్లాలి. కంపు కొడితే గాలి ఆడటం లేదని అర్థం. పదిహేను రోజులకు ఒకసారి పారతో తిరగేయాలి. మాంసం, నూనె కూరలు వేయకూడదు. వేస్తే ఎలుకలు, కుక్కలు వస్తాయి.

సుమారు మూడు నెలలకు అది నల్లగా, పొడిపొడిగా మారుతుంది. తొలకరి వానకు తడిసిన మట్టి వాసన వస్తుంది. అదే ఎరువు. బడి పెరట్లో తోటకూరకు, మునగకు, కరివేపాకుకు వేయవచ్చు. ఆ కూర పిల్లల పళ్లెంలోకే వస్తుంది.

అమ్మేవి, అమ్ముడుపోనివి

పాత పుస్తకాలు, అట్టలు, సీసాలు, ఇనుము పాత సామాను కొనేవాళ్లు కొంటారు. అమ్మే ముందు పాత నోటు పుస్తకాల్లో రాయని కాగితాలు చింపి కుట్టాలి. చిత్తు లెక్కలకు పుస్తకం తయారవుతుంది. వచ్చిన డబ్బు బడి లెక్కలో రాయాలి. ఆ లెక్క తల్లుల ముందు చదవాలి.

చిప్స్ పొట్లాన్ని మాత్రం మామూలుగా ఎవరూ కొనరు. అందులో ప్లాస్టిక్ పొర, లోహపు పొర కలిసి అతుక్కుని ఉంటాయి. వాటిని విడదీయడం కష్టం. కాగితం గ్లాసు కూడా అంతే. దాని లోపల పలచటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. అందుకే ఎరువు గుంతలో వేయకూడదు. ఇలాంటివి అసలు రాకుండా చూడటమే మంచిది.

ఒక లెక్క వేద్దాం. బడిలో వందమంది పిల్లలు. ఒక్కొక్కరు రోజుకు ఒక ఐదు రూపాయల పొట్లం తెచ్చారు. ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 రోజులు బడి ఉండాలని చట్టం. వందను 200తో గుణిస్తే 20,000 పొట్లాలు. ఒక్కోటి ఐదు రూపాయలు. మొత్తం లక్ష రూపాయలు! ఒక్కో తల్లి కొంగు ముడిలోంచి ఏడాదికి వెయ్యి రూపాయలు పోయాయి. వెనక మిగిలింది 20,000 చెత్త కాగితాలు. అదే డబ్బుకు వేరుశనగలు, బెల్లం, జామకాయ ఎన్ని వచ్చేవి?

2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువులను దేశమంతటా నిషేధించారు. ప్లాస్టిక్ పళ్లాలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, ప్లాస్టిక్ జెండాలు, అలంకరణకు వాడే థర్మోకోల్ అందులో ఉన్నాయి. పంద్రాగస్టుకు బడిలో కాగితం జెండాలే కట్టాలి. బడి విందుకు విస్తరాకులు వాడాలి. ఇంటి నుంచి స్టీలు గ్లాసు తెస్తే ఇంకా మంచిది.

ఆడపిల్లల కష్టం

ఈ సంగతి ఎవరూ పైకి మాట్లాడరు. కానీ మాట్లాడాలి.

బహిష్టు అయిన పిల్ల బడిలో ప్యాడ్ మార్చుకోవాలి. పారేయడానికి డబ్బా ఉండదు. సిగ్గుపడి మరుగుదొడ్డిలో పడేస్తుంది. దొడ్డి పూడుకుపోతుంది. తరువాత ఎవరూ అందులోకి పోలేరు. కొందరు పిల్లలు ఆ నాలుగు రోజులూ బడి మానేస్తారు. పాఠాలు వెనకబడతాయి. ఒక మూత డబ్బా లేకపోవడం వల్ల చదువు దెబ్బతింటుంది!

ఆడపిల్లల మరుగుదొడ్డి లోపలే మూత డబ్బా పెట్టాలి. పక్కన పాత కాగితాలు పెట్టాలి. ప్యాడ్ ను కాగితంలో చుట్టి అందులో వేయమని టీచరమ్మ చెప్పాలి. డబ్బా ఎత్తే మనిషికి చేతి తొడుగులు ఇవ్వాలి. పంచాయతీ వాళ్లకు దాన్ని విడిగా అప్పగించాలి. గుడ్డ వాడే పిల్లలకు ఉతుక్కోవడానికి నీళ్లు, సబ్బు ఉండాలి. గుడ్డను ఎండలో ఆరేయమని ఇంట్లో అమ్మ చెప్పాలి.

పెద్ద చదువుల కాలేజీలో

బడి చదువు అయ్యాక కొందరు పిల్లలు పట్నం కాలేజీకి పోతారు. అక్కడ హాస్టలు ఉంటుంది. క్యాంటీను ఉంటుంది. చెత్త కూడా పెద్దదే. పట్టణాల కోసం కేంద్ర ప్రభుత్వం 2016లో చెత్త నిబంధనలు చేసింది. చెత్త చేసినవారే వేరు చేసి ఇవ్వాలని చెప్పింది. 5,000 చదరపు మీటర్ల కంటే పెద్ద సంస్థలు తడి చెత్తను వీలైనంత వరకు తమ ఆవరణలోనే ఎరువుగానో గ్యాసుగానో మార్చుకోవాలంది. 5,000 చదరపు మీటర్లు అంటే సుమారు ఎకరం పావు.

హాస్టలు వంటింట్లో మిగిలిన అన్నం, తొక్కలతో గోబర్ గ్యాసు లాంటి గ్యాసు తయారవుతుంది. ఆ గ్యాసు మళ్లీ పొయ్యికే వాడుకోవచ్చు. మీ అమ్మాయి సెలవులకు ఇంటికి వస్తే అడగండి. “మీ హాస్టల్లో మిగిలిన అన్నం ఏం చేస్తారమ్మా?” అని. ఆమె వెళ్లి కాలేజీలో అడుగుతుంది.

అడిగే హక్కు మీకుంది

“బడి సంగతి సార్లు చూసుకుంటారు. మనమెందుకు?” అనుకోవద్దు. చదువు హక్కు చట్టం 2009లో వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. సర్కారు బడికి యాజమాన్య కమిటీ ఉండాలని ఆ చట్టం చెప్పింది. కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. తెలంగాణలో 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేశారు. గ్రామ మహిళా సమాఖ్య అధ్యక్షురాలినే కమిటీకి అధ్యక్షురాలిని చేశారు.

చెత్త కాల్చడం సంగతి కూడా తేలిపోయింది. 2016 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ బయట చెత్త కాల్చకూడదని దేశమంతటికీ ఆదేశమిచ్చింది. కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 రూపాయలు జరిమానా అని చెప్పింది.

పల్లెల్లో చెత్త ఎత్తడం పంచాయతీ పని. 2020లో మొదలైన స్వచ్ఛ భారత్ రెండో దశలో పల్లె చెత్త పనికి కూడా నిధులు పెట్టారు.

మళ్లీ ఆ బడికి

దగ్గిన పాప తల్లి ఇంటికి పోయి ఊరుకోలేదు. సంఘం మీటింగులో చెప్పింది. ఐదుగురు తల్లులు కలిసి హెడ్ మాస్టరు దగ్గరికి పోయారు.

“సారూ, మేం తగువుకు రాలేదు. బడి వెనక పొగ ఆగాలి. మేం కూడా పని చేస్తాం” అన్నారు.

“డబ్బాలు పెడతాం. గుంత తవ్విస్తాం. కానీ పంచాయతీ ట్రాక్టరు వచ్చి అన్నీ మళ్లీ కలిపేస్తే?” అన్నారు సారు.

మంచి ప్రశ్న. చాలా ఊళ్లలో పని చెడేది ఇక్కడే. ఇంట్లో వేరు చేస్తారు. బండిలో కలిపేస్తారు. దాంతో జనానికి విసుగొస్తుంది. కాబట్టి తల్లులు సర్పంచిని అడిగారు. గ్రామసభలో అడిగారు. ట్రాక్టరులో మధ్య అడ్డం పెట్టమన్నారు. అప్పటిదాకా ఆగకుండా తడి చెత్తను బడి గుంతలోనే వేశారు. కాగితాలు, సీసాలు బడిలోనే గోనె సంచుల్లో దాచి అమ్మారు. ఇక ట్రాక్టరుకు మిగిలింది కొంచెమే.

మొదటి వారం పిల్లలు డబ్బాలు తారుమారు చేశారు. ఎవరూ కొట్టలేదు. ఐదో తరగతి పిల్లలు చిన్నవాళ్లకు చూపించారు. పిల్లలు తమ చెత్త తామే డబ్బాలో వేయాలి. కానీ మరుగుదొడ్డి డబ్బా, గాజు ముక్కలు పిల్లలతో ఎత్తించకూడదు. ఫలానా కులం పిల్లలే ఊడ్వాలని ఎవరైనా అంటే అది నేరం. పని అందరిదీ. వంతులూ అందరికీ సమానమే.

ఇప్పుడు సాయంత్రం ఆయమ్మ ఊడుస్తుంది. ఆకులు గుంతలోకి పోతాయి. ఆమె పని కూడా తగ్గింది. అగ్గిపెట్టె వంట గదిలోనే ఉంటుంది. పాప వరండాలో నిలబడి అమ్మ కోసం చూస్తుంది. దగ్గు లేదు.

మాట్లాడుకోండి

1. మీ ఊరి బడి చెత్త ఎక్కడికి పోతుంది? ఒకరోజు వెళ్లి చూడండి.

2. మీ బడి కమిటీలో తల్లులు ఎవరు? వారి పేర్లు రాయండి.

3. ఆడపిల్లల మరుగుదొడ్డిలో మూత డబ్బా ఉందా?

4. మీ పిల్లలు నెలకు ఎన్ని పొట్లాలు కొంటారు? ఎంత ఖర్చు? లెక్క వేయండి.

5. సర్పంచికి మీ బడి చెత్త గురించి నాలుగు వాక్యాల అర్జీ మీ చేతులతో రాయండి. కింద సంతకం చేయండి.